ఆగని సైరన్

ఇంకా ఆగలేదేమిటిది, షిఫ్టు మారేటప్పుడు కూసే సైరన్ అయితే నోట్లో ముద్ద మింగేలోపు అయిపోతుంది, ఇది మాత్రం పట్టిన పట్టు విడవకుండా కూస్తూనే ఉంది, మంచం మీద లేచి కూర్చుంది అనసూర్య, లేవగానే గది ఒకసారి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది, షిఫ్టు దిగే వేళ ఇంకా కాలేదు, వేళ కాని వేళ సైరన్ ఆగకుండా కూసిందంటే గోదావరిఖనిలో చంటిపిల్లకైనా తెలుసు, బొగ్గుబాయిలో ఏదో అయింది, గనిలో పెళ్ల కూలిందో నీళ్లు పడ్డాయో, ప్రశాంత్ ఇప్పుడు ఆ బాయి లోపలే ఉన్నాడు, పొద్దున డ్యూటీకి పోతూ తన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం తగ్గింది అనసూర్య, గోళీలు మర్వకు అన్నాడు, తను గోడవైపు తిరిగి పడుకుంది, గోళీల మీది కోపం ఆయన మీద చూపించింది, మొగుడి ముఖమైనా చూడలేదు, చూసి ఉండాల్సింది, ఒక్కసారి ఇటు తిరిగి ఉండాల్సింది.

గుమ్మం దగ్గర కాలికి దొరికిన చెప్పులు తొడుక్కుంది, ఒకటి తనది, ఒకటి ఆయనది, వాకిట్లో అత్త ఐలవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, తలెత్తి ఏదో అడిగింది, పెదవులు కదిలాయి గాని ఆ సైరన్‌లో మాట వినపడలేదు, సైరన్ అత్తమ్మా, బాయి సైరన్ అని అరిచి ఉరికింది, పక్క క్వార్టర్ సారవ్వ నల్లా కింద బిందె పెట్టుకుని తీరిగ్గా నిలబడింది, మలుపులో చాయ్ హోటల్ ముందు ఇద్దరు సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నారు, వీళ్ల గుండెలు రాళ్లా ఏమిటి, వీళ్ల ఇండ్లల్లోంచి ఎవరూ లోపలికి దిగలేదా, నోరంతా చేదు, మధ్యాహ్నం మింగిన గోళీ ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది, క్వినైన్ అట, దవాఖానలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి మలేరియా అంది, మూడో నెల కూడా నిండలేదు కాబట్టి ఈ గోళీలే వాడాలి, జ్వరం ముదిరితేనే నీకూ కడుపులో పిల్లకూ ముప్పు అంది, కానీ సారవ్వ ఆ సాయంత్రమే గోడ మీంచి వంగి, గవి మస్తు వేడి చెల్లె, కడుపు నిలువది అని చెవిలో వేసి పోయింది, చెవిలో పడ్డ మాట కడుపులోకి దిగి కూర్చుంది, అత్త చూస్తే యమధర్మరాజు చెల్లెలు, పూటపూటకూ గోళీ ఇచ్చి నీళ్లిచ్చి, నోరు తెర్వు, నాలుక లేపు అని చూసిగాని కదలదు, అందుకే తను అనుకుంది, ఈ రాత్రి గోళీ దవడలో దాచి మోరీలో ఉమ్మెయ్యాలని, ఉమ్మలేదు, ఇంకా ఉమ్మలేదు దేవుడా, అనుకున్నందుకే ఇంత శిక్షా, మింగుతాను, అన్నీ మింగుతాను, ఆయన్ని పైకి తీసుకురా.

బాయి గేటు ముందు ఒక్కరూ లేరు, ఆడవాళ్ల ఏడుపులు లేవు, అంబులెన్సు లేదు, నీడలో రెండు స్కూటర్లు, కుర్చీలో గార్డు ఎల్లన్న, ఆయన లేచి వచ్చి మాట్లాడుతుంటే నీళ్లలో మునిగినవాడి మాటలా ఉంది, ఏమైంది చెల్లె, ఏంది గిట్ల ఉరికొస్తున్నవ్, సైరన్ అన్నా, ఎవరికేమైంది అంది తను, ఏ సైరన్ అన్నాడాయన, సైరన్ ఎక్కడ కూసింది, అందరు మంచిగనే ఉన్నరు చెల్లె, ఇప్పుడే కింద పని చూసే సర్దార్ ఫోన్ల మాట్లాడిండు, ప్రశాంత్ గూడ మంచిగున్నడు, మరి ఇదేమిటన్నా, ఇదిగో, ఇప్పుడు కూడా కూస్తోంది కదా అని రెండు చెవులూ మూసుకుంది, మూసుకుంటే ఇంకా గట్టిగా కూసింది, బయట కాదు, తన తలలోనే, అక్కడి సిమెంటు గద్దె మీద కూలబడింది.

అప్పుడొచ్చింది ఐలవ్వ, ఉత్త కాళ్లతో, ముఖమంతా చెమటతో, కొంగులో ఇంకా నాలుగు చిక్కుడుకాయలు, వచ్చీ రాగానే ఎల్లన్నను పట్టుకుని, ఎవలు బిడ్డా, ఎవలు అని అడిగింది, ఎవ్వలు లేరవ్వా, సైరనే కూయలే అని ఆయన అనగానే ఆమె కోడలి పక్కన కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకుంది, తర్వాత కోడలి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది, డాక్టరమ్మ చెప్పింది బిడ్డా, గీ గోళీలు మింగినన్ని రోజులు చెవులు గుయ్యిమంటయ్, తల తిరుగుతది, మందు అయిపోంగనే మళ్ల మంచిగైతయ్ అన్నది, అప్పుడు నువ్వు బయట కక్కుకుంట ఉంటివి, నేనే నీకు చెప్పలే, అసలే గోళీ అంటే మొండికేస్తున్నవ్, గిది గూడ తెలిస్తె మొత్తానికే బంద్ వెడ్తవని భయపడ్డ, తప్పు నాదే.

కోపం రావాల్సిన చోట రాలేదు, వేరే ప్రశ్న వచ్చింది, మరి నీకు సైరన్ వినపడలే కదా అత్తమ్మా, చెవుల మోత సంగతి గూడ నీకు ఎరుకే, నువ్వెందుకు ఉరికొచ్చినవ్, ఐలవ్వ చిక్కుడుకాయల్ని ఒక్కొక్కటే సర్దుకుంటూ అంది, నీ ముఖం జూసినంక గోళీల సంగతే యాదికి రాలే బిడ్డా, నా చెవులకే ఇనపడ్తలేదనుకున్న, మీ మామ బాయిల పోయిన్నాడు నేను గిర్నిల కారం పట్టిస్తున్న, ఆ మోతల సైరన్ ఇనపడలే, అందరు ఉరికినంక ఆఖరికి పోయిన, నేను పొయ్యేవరకు ఆయన లేడు, అప్పటిసంది నా చెవులను నేను నమ్మ. ఆ మాట ఈ ఇంటికొచ్చాక ఆమె నోట ఎప్పుడూ వినలేదు అనసూర్య, అత్తా ఒకింటి కోడలే అని అందరూ అంటారు గాని, ఈ ఐలవ్వ కూడా ఒకనాడు ఇదే గేటుకు ఇట్లాగే ఉరికిందని తనకు తట్టనే లేదు, ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే ఆమె మట్టికొట్టుకున్న పాదాలను ఒళ్లోకి తీసుకుని తుడవాలనిపించింది, ఐలవ్వ మాత్రం ఎల్లన్నను అడిగి చాయ్‌లో వేసుకునే చక్కెర ఇంత తెచ్చి, చేతులు వణుకుతున్నయ్, నోట్లె ఏస్కో అని అరచేతిలో పోసింది, చేదు మీద తీపి పడింది.

లోపలి సైరన్ ఆగలేదు, అది ఇక ఇట్లాగే కొన్నాళ్లు కూస్తుంది కాబోలు, రేపు డాక్టరమ్మకు చెప్పాలి, ఇంతలో ఎల్లన్న గేటు తలుపు తెరవడం కనిపించింది, తన చెవులకు ఏ తేడా తెలియలేదు, అత్త వైపు తిరిగి, అత్తమ్మా, ఇప్పుడు కూస్తున్నదా అని అడిగింది, ఐలవ్వ తల పక్కకు వంచి, శ్రద్ధగా, భయంగా విని, ముఖం విచ్చుకుని, కూస్తున్నది బిడ్డా, షిఫ్టు ఇడిశిన్రు అంది, నల్లటి ముఖాలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి, అందులో ఒకటి వీళ్లిద్దర్నీ గేటు దగ్గర చూసి బెదిరి ఉరుకుతోంది, ఈసారి తను అటు తిరిగి ఆ ముఖాన్ని కళ్లారా చూసుకుంది, అత్త చేయి తన చేతిలోనే ఉంది, లేని సైరన్ విన్నానంటే పిచ్చి అనకుండా తన చెవులనే తప్పనుకుని వెంట ఉరికిన మనిషి మందు ఇస్తే అది కడుపుకు చెడ్డది ఎట్లా అవుతుంది, ఈ రాత్రి నోరు తెర్వు అని ఆమె అడగాల్సిన పని లేదు.