చేతికివ్వని ఉప్పు

నేను ఒక ఉప్పు జాడీని. మెడ దాకా గోధుమ రంగు, కింద మీగడ రంగు. ఏ ఊరి బట్టీలో కాలానో నాకు సరిగా గుర్తులేదు. మట్టిగా ఉన్నప్పటి సంగతులు ఎవరికి గుర్తుంటాయి గనక? గడ్డి చుట్టి లారీలో వేస్తే చీరాల బజారులో దిగాను. అక్కడ నన్ను వేలితో కొట్టి, మోత విని, "పగులు లేదులే" అని చంకన పెట్టుకున్నది బసవపున్నయ్య వాళ్ళమ్మ. వాళ్ళు కట్టుకున్న కొత్త ఇంట్లోకి పసుపు పళ్ళెంతో పాటు ముందుగా అడుగుపెట్టింది నేనే, కడుపు నిండా గల్లుప్పుతో. పాలు పొంగించింది నా తర్వాతే. ఆ గర్వం నాకిప్పటికీ పోలేదు.

కోడలు శేషారత్నం కాపురానికి వచ్చిన రోజున పెద్దావిడ నన్ను ఆమె చేతిలో పెట్టలేదు. పొయ్యి గట్టు మీద పెట్టి, "తీసుకో" అంది. ఉప్పు చేతికి చేయి అందిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయట. ఆ మాటను శేషారత్నం వేదంలా పట్టుకుంది. పక్కింటి రమీజాబీ గుప్పెడు ఉప్పుకొచ్చినా గిన్నెలో పోసి, గిన్నె గట్టు మీద పెట్టేది, ఆమె తీసుకునేది. మొగుడడిగితే విస్తరి అంచున పోసేదే కానీ చేతికి ఒక్క గల్లు ఇచ్చి ఎరగదు.

ఇంత జాగ్రత్త పడినా గొడవ లేని పూట లేదనుకోండి. బసవపున్నయ్య బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికిన మనిషి కాబట్టి మాట ఎప్పుడూ పై స్థాయిలోనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొదలు. "ఏందే రత్నం ఇది? కూరా, ఆస్పత్రి గంజా? ఉప్పేసేవాళ్ళు లేరా ఈ ఇంట్లో?" ఆమె వంటింట్లోంచే, "నాలిక మొద్దుబారిపోతే ఉప్పేం చేస్తది?" అనేది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. వాళ్ళ కాపురంలోనూ నాది అదే పాత్ర.

ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది ఆయనకు కళ్ళు తిరిగితే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. బీపీ బాగా ఎక్కువుందట. ఒక మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నాడు. మాత్ర వేసుకుంటే మూత్రం ఎక్కువ పోతుంది, భయపడొద్దన్నాడట. ఇంటికొచ్చి బసవపున్నయ్య నన్ను చేత్తో తట్టి, "మా నాయన గల్లు చప్పరించుకుంటా తొంభై ఏళ్ళు బతికాడు. వీళ్ళకేం తెలుసు?" అన్నాడు. నాకు లోలోపల సంతోషమేసింది. శేషారత్నానికి మాత్రం భయమేసింది. భయపడిన మనిషి లెక్క వేరు. తగ్గిస్తేనే మంచిదైతే, మానేస్తే ఇంకెంత మంచిదో అనుకుంది. స్టూలు వేసుకుని నన్ను అటక ఎక్కించింది. పాపం, ఆయన ఒక్కడినీ చప్పిడి తినమనడం న్యాయం కాదని తనూ ఉప్పు మానేసింది. ఎండలు ముదిరాక, ఎవరో టీవీలో చెప్పారని, ఆయన చేత బిందెలకు బిందెలు నీళ్ళు కూడా తాగించింది.

అటక మీంచి వంటిల్లంతా కనిపిస్తుంది. మొదట్లో ఆయన చప్పిడి కూర తిని అరిచినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. తర్వాత అరుపులు పలచబడ్డాయి. ఒక రోజు పప్పుచారు తిని, మారు మాట్లాడకుండా చేయి కడుక్కున్నాడు. ఉప్పూ కారం తినే మనిషికి రోషం ఉంటుందంటారు. ఆయన రోషం ఎటుపోయిందా అని నాకు గుబులు పట్టుకుంది. శేషారత్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తిట్టు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది పిచ్చిది.

ఆయన నడక తూలుతోంది. పొద్దున్నే కడుపులో తిప్పుతోందంటాడు. ఒకరోజు పెళ్ళాన్నే పట్టుకుని, "అక్కా, బస్సు టైమయిందా?" అని అడిగాడు. ఆమె పరుగున డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తిరిగొచ్చి రమీజాబీతో చెప్పుకుంది. "బీపీ బ్రహ్మాండంగా ఉందమ్మా, ఇట్టాగే కానియ్యండి అన్నాడు. మరి ఈ మరుపేందయ్యా అంటే, వయసు కదమ్మా అన్నాడు. నేనింకో మాట అడగబోతే బయట ఇంకో పేషెంటుని పిలిచారు."

రమీజాబీ, "పెద్ద డాక్టరు చెప్పాడు కదొదినా, మనకేం తెలుసు?" అంది.

మరుపు ఎక్కువైతే ఆమె చేసే పని ఇంకా గట్టిగా ఉప్పు మానడం. ఎక్కడో దాగి ఉందేమోనని పచ్చళ్ళు పంచేసింది, అప్పడాలు అవతల పారేసింది. నాకూ నా మీద అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళుగా ఈయనకు విషం పెట్టింది నేనేనా? అమ్మ చేత్తో కొనుక్కొచ్చిన జాడీయే కొడుకు ప్రాణం తీస్తోందా? బల్లి పక్కన చీకట్లో కూర్చుని ఇదే ఆలోచన. నోరున్న ఇల్లాలికే డాక్టరు ముందు నోరు లేకపోతే నాకెక్కడిది?

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నా మూత అదురుతుంది. వీధి మొగలో టీ కొట్టుకని వెళ్ళిన మనిషి ఇల్లు తెలియక ఎండలో నిలబడిపోయాడు. చీరాల నుంచి ఒంగోలు దాకా ప్రతి గుంతా తెలిసిన డ్రైవరు! ఎవరో చేయి పట్టుకుని తెచ్చి గుమ్మంలో దించారు. శేషారత్నం ఆయన్ని కూర్చోబెట్టి, తనూ కూలబడి, పైకి చూసింది. నన్ను కాదు, ఊరికే పైకి. "నేనూ అదే చప్పిడి తింటున్నా గదా," అంది తనలో తను. "నాకు రాని మరుపు ఈయనకెందుకొచ్చింది?" గూట్లో ఉన్న మాత్రల అట్ట తీసి చూసింది. ఇద్దరికీ తేడా అదొక్కటే అనిపించింది ఆమెకు. మాత్ర మానెయ్యాలా, వద్దా? మానేస్తే బీపీ పెరిగి మంచాన పడతాడేమో. మానకపోతే ఇదిగో, ఇలా. అట్టను రెండుసార్లు చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి, మళ్ళీ గూట్లోనే పెట్టింది. చివరికి ఆటో పిలిచింది.

ఆ తర్వాతి సంగతులు నేను చూడలేదు, రమీజాబీతో చెప్పుకుంటుంటే విన్నవే. డాక్టరు బీపీ పట్టీ తీయబోతే ఆమె అడ్డుపడిందట. "బీపీ తర్వాత చూద్దురుగాని, ముందు మనిషిని చూడండయ్యా. నేనూ చప్పిడే తింటున్నా, నాకేం కాలేదు. ఈ మాత్ర వల్లేమన్నా అవుద్దా? అది చెప్పందే నేను లెయ్యను" అని కుర్చీ పట్టుకు కూర్చుందట. డాక్టరుకు ముందు విసుగొచ్చిందట. "మీరు ఉప్పు బొత్తిగా మానేశారా?" అని ఆశ్చర్యపోయి, వెంటనే రక్తపరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక తనే లేచి వచ్చాడు. "ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందమ్మా. మాత్ర కొంత లాగేసింది, నీళ్ళు కొంత పలచన చేశాయి. నేను తగ్గించమన్నాను గానీ మానేయమనలేదు. అయినా కిందటిసారి మీరు చెప్పినప్పుడే ఈ పరీక్ష రాయాల్సింది. రాయలేదు, తప్పు నాదే" అన్నాడట.

ఆస్పత్రిలో మంచమెక్కించి మెల్లమెల్లగా సరిచేశారు. ఆ మాత్ర మాన్పించి వేరేది ఇచ్చారు. ఉప్పు తినమన్నారు కానీ కొలతగా. నీళ్ళు కూడా కొన్నాళ్ళు కొలతగానే.

ఆమె నన్ను అటక దించి తుడిచింది. నాలోకి ఇప్పుడు చిన్న చెంచా ఒకటి వచ్చి చేరింది. అది లోపలికి దిగిన ప్రతిసారీ నాకు దిగులే. ఎక్కువైతే ఒక భయం, తక్కువైతే ఇంకో భయం. తప్పంతా నాదే అయినా, అసలు నా తప్పేం లేకపోయినా ఇంతకంటే సుఖంగా ఉండేదాన్ని.

బసవపున్నయ్య విస్తరి ముందు కూర్చున్నాడు. నడక కుదురుకుంది, ఇల్లు తెలుస్తోంది, కానీ మాట లేదు. మజ్జిగన్నం కలుపుకుని తలొంచుకుని తింటున్నాడు. అందులో ఉప్పు వేయలేదు ఆమె. కావాలనే. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దా తిన్నాడు. శేషారత్నం ముఖం పాలిపోయింది. మనిషైతే తిరిగొచ్చాడు, ఆ పాత మొగుడు రాలేదేమో అనుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

ఉన్నట్టుండి ఆమె నా మూత తీసింది. వేళ్ళతో చిటికెడు తీసుకుంది. విస్తరి అంచు వైపు వెళ్ళబోయిన చేయి ఆగింది. ఆయన ఎడమ చేతిని తెరిచి, అత్తగారి మాట అన్నేళ్ళు జవదాటని ఆ మనిషి, ఉప్పును అరచేతిలో పెట్టింది.

ఆయన అరచేతి వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. నుదురు ముడిపడింది.

"ఏందే రత్నం, ఉప్పు చేతికిస్తన్నావు? ఏం, గొడవ పెట్టుకుందామనా?"

"ఆఁ, పెట్టుకుందామనే," అంది ఆమె. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు.

"పెట్టుకుందామనేనా? ముందు ఈ మజ్జిగ సంగతి చెప్పు! కుడితి నీళ్ళల్లే ఉంది!"

ఆ పూట ఇద్దరూ నా మూత పెట్టడం మర్చిపోయారు.