సుంకులమ్మ కూచున్న గడి

సుంకులమ్మ పడుకున్న గది నాలుగు రోజులుగా రోజుకొక గడి పొడుగవుతోంది, ఇవాళ్టికి నాలుగు గడులు. వెడల్పు మాత్రం రెండు గడులే. జబ్బుమనిషికి గది ఆపాటి మర్యాద చేస్తుంది, ఇందులో వింతేమీ లేదు.

ఆమె మొగుడు మద్దిలేటి బేతంచెర్లలో బండలు పరిచే మేస్త్రీ. మంచాన్ని దూలానికి వేలాడగట్టి, కింద మట్టినేలమీద జోడుబండలు పరుస్తాడు, ఎత్తుతాడు, ఇంకో రకంగా పరుస్తాడు. జోడుబండ రెండు గడుల్ని కప్పుతుంది. దాన్ని చీల్చకూడదని ఆ పనివాళ్ళ కట్టుబాటు.

గడపమీద అతని అత్త కూచుని ఉంది. పోయినేడు చనిపోయిన మనిషి, కూతుర్ని తీసుకుపోవడానికొచ్చింది. షరతు ఆమే పెట్టింది.

"ఈ గది పరిచే రకం ఒక్కటున్నా దీన్ని తీస్కపోనులే అల్లుడా. పని చెడగొట్టినానని ఊరంతా చెప్తావు నువ్వు."

మద్దిలేటికి దిగులు లేదు. కొసన ఒక బండ అడ్డంగా వేస్తే మిగిలేది నిన్నటి గది. రెండు బండలు పొడుగ్గా పక్కపక్కన వేస్తే మిగిలేది మొన్నటి గది. నిన్న మూడు రకాలు, మొన్న రెండు. కూడితే ఇవాళ ఐదు. పైగా నిన్నటి గదిలో సుంకులమ్మ గంజి తాగుతూ ఉంటుంది. మొన్నటి గదిలో అతన్ని ఎగతాళి చేస్తూ ఉంటుంది.

"ఏమయ్యా, కిందికి దించు. మట్టిమీద కూకుంటా," అంటుంది సుంకులమ్మ.

"కూకోవే. నీ గడి ఇడిసిపెట్టి తక్కినదంతా పరుస్తా," అంటూ ఆమెను దించుతాడు.

పరుస్తాడు. తక్కిన ఏడు గడుల్లో ఒకటి మిగులుతుంది. తిప్పి వేస్తాడు. మళ్ళీ ఒకటి, ఇంకోచోట. కట్టుబాటు పక్కన పెట్టి ఉలితో ఒక బండను చీలుస్తాడు. రెండు ముక్కలూ మెల్లగా జరిగి అతుక్కుంటాయి.

"ఒక్క రకమూ ల్యాదు గదా," అంటుంది అత్త, వక్కను బుగ్గకు నెట్టి. "లేపు దాన్ని. ఐదూ తిరిగొస్తాయి. నేను సూడనట్టే ఉంటాలే."

మద్దిలేటి వంగుతాడు. సుంకులమ్మ అరికాళ్ళు మట్టికి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఎంత సల్లగుందో. ఇన్ని నెలలకు ఈపు మంట తగ్గె," అంటుంది. "ఏందో అనబోతివి?"

"ఏం ల్యా. కూకో."

తల్లీకూతుళ్ళు చేతులు పట్టుకుని వెళ్ళిపోతారు. గది పొడుగవడం మానేస్తుంది.

ఆ గడిలోంచి తడిజుట్టు మొలుస్తోంది, కుంకుడురసం వాసనతో. మోకాళ్ళెత్తు అవుతుంది, నడుమెత్తు అవుతుంది. మద్దిలేటి చతికిలబడి పాయలు తీస్తాడు. రెండేసి జతచేయడమే తెలిసిన చేతులవి, జడకేమో మూడు పాయలు కావాలి. మూడోదాన్ని పళ్ళతో పట్టుకుని అల్లుతూ ఉంటాడు. జుట్టు దూలం దాటి పోతోంది. పేరుపెట్టి పిలవాలని ఉంది, నోరు ఖాళీ లేదు.