పద్నాలుగో నంబరు చేతులు

ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయన్ని ఎదురుగా అందరూ బాబాయ్ అంటారు, వెనక మాత్రం అనుమానాల బాబాయ్ అంటారు. ఆ సంగతి బాబాయికీ తెలుసు. ఆ పేరు ఎవరు పెట్టారో కూడా తెలుసనే అనుకుంటాడు గానీ, రుజువు దొరక్క ఊరుకున్నాడు. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూడందే మెట్లు దిగడు. నిన్న తానే సంతకం పెట్టిన కాగితాన్ని ఇవాళ వెలుతురుకెత్తి, ఇది నా సంతకమేనా అని చూసుకుంటాడు. "నేను మీ పెళ్ళాన్నేనా కాదా, ఓసారి గుర్తింపు కార్డు చూసుకోండి" అని ఇంట్లో భార్య ఆట పట్టిస్తూ ఉంటుంది.

ఇంత చేసినా రెండేళ్ళ కిందట ఒక్కసారి, ఒకరి మోకాలికి ఇంకొకరి పేరు పడింది. ఆ రోజు బాబాయికి జ్వరం. జ్వరానికి ఎవరూ మెమో ఇవ్వరు కాబట్టి బాబాయికే ఇచ్చారు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికే అని అందులో తేటగా రాసి ఉంది.

అలాంటి మనిషి దగ్గరికి సోమవారం పొద్దున్నే డాక్టరు ఓ ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఈ డాక్టరు కీళ్ళవాతానికి కొత్త ఇంజెక్షన్ మీద పరిశోధన నడుపుతున్నాడు. నలభై మంది రోగులు, ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి వాళ్ళ చేతులకు, మణికట్లకు ఎక్స్‌రే తీయాలి. ఆ ఫిల్ములు ఎక్కడో వేరే ఊళ్ళో కూర్చున్న ఇద్దరు పెద్ద డాక్టర్లకు వెళతాయి. వాళ్ళకు పేరు తెలియదు, ఏది ముందు తీసిందో ఏది తర్వాతో కూడా తెలియదు. ఎముకలు ఎంత అరిగాయో చూసి మార్కులు వేస్తారు. ఎవరినీ నమ్మని ఆ పద్ధతంటే బాబాయికి మహా ఇష్టం.

ఉత్తరం ఆ ఇద్దరి దగ్గర్నుంచే వచ్చింది. "నంబరు పద్నాలుగు. రెండు ఫిల్ములూ ఒకే మనిషివి కావని మా అభిప్రాయం. ఒకదాంట్లో మణికట్టులో రెండు చిన్న ఎముకలు పుట్టుకతోనే అతుక్కుని ఉన్నాయి. ఇంకోదాంట్లో విడివిడిగా ఉన్నాయి. సంజాయిషీ పంపగలరు."

"బాబాయ్, మళ్ళీ తారుమారు చేశావా?" అన్నాడు డాక్టరు. ఆ 'మళ్ళీ' అన్న మాటకు బాబాయి ఒళ్ళు మండిపోయింది. తేదీలవారీగా రాసుకునే పుస్తకం తీసి డాక్టరు ముందు పరిచాడు. ఫిల్ములు తీసిన ఆ రెండు రోజుల్లోనూ చేతుల ఎక్స్‌రేకు పద్నాలుగో నంబరు తప్ప ఇంకెవరూ రాలేదు. తారుమారు కావడానికి పక్కన రెండో ఫిల్మే లేదు.

"మరి మొదటి ఫిల్ములో అతుక్కున్న ఎముకలు వాటంతటవే విడిపోయాయా?"

"నన్నడుగుతారేంటండీ. నా గది దాటాక అవి ఎవరెవరి చేతుల్లో పడ్డాయో నాకేం తెలుసు?"

డాక్టరు ముఖం ముడుచుకున్నాడు. నలుగురు డాక్టర్లు కూడిన చోటల్లా ఈ పద్నాలుగో నంబరు గురించే చెప్పుకుంటూ తిరుగుతున్నాడు మరి. వాపు లేదు, నొప్పి లేదు, రక్తపరీక్షలు కడిగిన ముత్యంలా ఉన్నాయి. "పేషెంటుని రేపు రమ్మంటాను. మళ్ళీ తియ్యి. రేపటిది మొదటిదానితో సరిపోతే రెండోది నువ్వే ఎక్కడో పొరపాటు చేసినట్టు" అనేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా బాబాయి బుర్రలో అనుమానాలు పురుగుల్లా తొలిచాయి. ఎవరో తమ తప్పు తన నెత్తిన రుద్దుతున్నారు. డాక్టరా? మంచి ఫలితం కోసం ఆరోగ్యంగా ఉన్న చేతుల్ని తెచ్చి పెట్టాడా? లేకపోతే నర్సక్కా? రోగుల రాకపోకలన్నీ రాసేది ఆవిడే. ఫిల్ములు కంప్యూటర్లో ఎక్కించేదీ ఆవిడే. పైగా తనను చూడగానే సొరుగు టక్కున మూసేస్తోంది. ఆవిడ భోజనానికి వెళ్ళగానే బాబాయి ఆ సొరుగు లాగాడు. లోపల బిస్కెట్ల డబ్బా, దాని మీద 'బాబాయికి పెట్టకూడదు' అని చీటీ ఉన్నాయి. తల తిప్పేసరికి గుమ్మంలో నర్సక్క నిలబడి ఉంది.

"ఏం బాబాయ్, రెండో ఫిల్ము బిస్కెట్లలో దొరికిందా?"

"నీకు షుగరుందని చూస్తున్నా" అని నోటికొచ్చింది అనేసి బయటపడ్డాడు.

మర్నాడు పదింటికి పద్నాలుగో నంబరు వచ్చింది. నలభై దాటిన మనిషి. అందరిలాగే మాస్కు పెట్టుకుంది. పేరడిగితే తడుముకోకుండా చెప్పింది, పుట్టినతేదీ చెప్పింది. చేతులు పలక మీద పెట్టమంటే బోర్లా చక్కగా పరిచింది. వేళ్ళన్నీ ఆనాయి. బాబాయి కుడి ఎడమ తెలిపే అక్షరాల బిళ్ళలు పెట్టి, అడ్డుగోడ వెనక్కి వెళ్ళి బటను నొక్కాడు. తెర మీద మణికట్టు తేలింది. ఎనిమిది ఎముకలు, ఎనిమిదీ విడివిడిగానే.

అంటే రెండో ఫిల్ములో పొరపాటేమీ లేదు. అప్పుడు వచ్చిందీ ఈ చేతులే. ఎటొచ్చీ మొదటిసారి వచ్చినవే వేరే చేతులు. బాబాయి అడ్డుగోడ ఇవతలికి వచ్చి, ఏమీ ఎరగనట్టు బిళ్ళలు సర్దుతూ అడిగాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు మీ ఉంగరం రాక ఇద్దరం నానా అవస్థా పడ్డాం, గుర్తుందా అమ్మా? ఎలా తీశామబ్బా అది?"

"సబ్బు రాశారు కదండీ" అంది ఆమె నవ్వుతూ.

సబ్బు కాదు. వాచిపోయిన వేలికి దారం చుట్టి, ఒక్కో చుట్టూ విప్పుకుంటూ అరగంట సేపు లాగాడు. నొప్పికి ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"దారంతో తీశానమ్మా" అన్నాడు బాబాయి మెల్లగా. "మీరెవరు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూసింది. బాబాయి వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. దొరికింది! ఇరవై రెండేళ్ళ ఉద్యోగం దక్కింది! ఇప్పుడే డాక్టరు ముందు నిలబెట్టి, 'మళ్ళీ' అన్న ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కదలకూడదనుకున్నాడు.

"చెల్లెల్నండీ. మా అక్క పద్నాలుగో నంబరు" అంది ఆమె. "ఒక్క ఏడాది తేడా. అందరూ కవలలే అనుకుంటారు. నాలుగో నెల నుంచీ నేనే వస్తున్నాను. పరీక్షలకి రక్తం నాది, ఇంజెక్షన్లు మాత్రం ఇంటికి తీసుకెళ్ళి అక్కకే ఇస్తున్నానండీ. ఒక్కటి కూడా మానలేదు."

"అక్కే రావచ్చుగా?"

"దగ్గండీ. రెండు నెలల పైనే అయింది. సాయంత్రమైతే జ్వరం. జాకెట్లన్నీ వదులైపోయాయి. జ్వరం వస్తే మందు ఆపేస్తామని మొదటిరోజే చదివి వినిపించారు కదా. ఆపేస్తే వేళ్ళు మళ్ళీ బిగుసుకుపోతాయని అక్క ఒకటే ఏడుపు. నాలుగేళ్ళు అక్క తల నేనే దువ్వానండీ. ఇప్పుడు తనే జడ వేసుకుంటోంది. పోయిన వారం నాకూ వేసింది."

బాబాయికి దొరికిన ఆనందం దొరికినట్టే పోయింది. ఆ మందు సంగతి నర్సక్క ప్రతి రోగికీ చెబుతుంటే గోడ ఇవతల నుంచి వినీ వినీ అతనికి నోటికొచ్చేసింది. కీళ్ళ వాపుతోపాటు రోగాలతో పోరాడే శక్తినీ అది అణిచేస్తుంది. ఒంట్లో ఎక్కడో నక్కి ఉన్న క్షయ లేచి కూర్చుంటుంది. అలాంటి మందును దగ్గుతున్న మనిషికి వారం వారం పొడుస్తున్నారు. నిన్నంతా దొంగ ఎవరా అని సొరుగులు వెతికాడే తప్ప, మొదటిసారి వచ్చిన ఆ మనిషి ఇప్పుడెలా ఉందో అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

"చెప్పకండి బాబాయ్ గారూ, మీకు దండం పెడతాను" అంది చెల్లెలు.

"చెప్పకపోతే మీ అక్క చచ్చిపోతుందే తల్లీ!" అని అరిచి, డాక్టరు గదికి పరిగెత్తాడు.

మధ్యాహ్నానికల్లా అక్కను తీసుకొచ్చారు. చక్రాల కుర్చీలో సగం కూడా నిండలేదు ఆమె. ఛాతీ ఫిల్ము బాబాయే తీశాడు. కుడివైపు ఊపిరితిత్తి పైభాగమంతా తెల్లగా కమ్మేసి ఉంది. డాక్టరు దాన్ని చూసి, క్షయేనని, ఇంకో నెల ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని, ఇప్పుడు మందులకు లొంగుతుందని అన్నాడు. ఇంజెక్షన్ ఆ క్షణం నుంచే బంద్. పరిశోధనలోంచి పద్నాలుగో నంబరు తీసేశారు. నాలుగో నెల నుంచి రాసినదంతా చెల్లెలి ఒంటి లెక్క కాబట్టి నర్సక్క ఆ పేజీలన్నింటికీ అడ్డంగా గీతలు కొట్టింది. బాబాయి తప్పేమీ లేదని డాక్టరు ఉత్తరానికి జవాబు కూడా రాశాడు. ఎంతో కోరుకున్న ఆ కాగితం చేతికొస్తే బాబాయి చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వార్డులో మంచం ఖాళీ అయ్యేదాకా అక్కను ఎక్స్‌రే గది బయటే కూర్చోబెట్టారు. బాబాయి ఆ పక్కగా తల దించుకుని పోబోయాడు.

"పట్టించింది మీరేనటగా" అంది ఆమె.

"నేనేనమ్మా."

"మా చెల్లెల్ని కేకలేశారట."

"అవునమ్మా. తప్పే."

ఆమె దగ్గింది. దగ్గు ఆగేదాకా బాబాయి అక్కడే నిలబడ్డాడు. ఆమె దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పేజీలన్నీ కొట్టేశారట. ఈ మందు నాకు పనిచేసిందో లేదో ఎక్కడా ఉండదు కదూ?"

"ఉండదమ్మా."

"ఇటు చూడండి" అని ఆమె మెల్లగా వేళ్ళు ముడిచింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, ఒక్కొక్కటే అరచేతిలోకి వెళ్ళిపోయాయి. వాటి మీద బొటనవేలు బిగించింది. నిండు పిడికిలి. రెండో చేత్తోనూ అలాగే పట్టి, రెండూ కలిపి బాబాయి కళ్ళముందు పెట్టింది. "మా చెల్లెలివి కాదు. ఇవి నావి. మందు ఆపేశారుగా, ఒకట్రెండు నెలలు పోతే ఇలా ముడుచుకోవు. ఎవరైనా ఒకరు చూసుండాలి కదా."

బాబాయి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. ఒక పిడికిలిని రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. వేళ్ళ కణుపుల మీద వాపన్నదే లేదు.

"చూశానమ్మా" అన్నాడు. "నేను చూశాను."

నర్సక్క వచ్చి మంచం ఖాళీ అయిందని చెప్పి, కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. అక్క పిడికిళ్ళు విప్పలేదు.