పల్లపు ఇంటి వెనక కాలువ

పాత కాలువ కనిపించే కాలనీకి వాననీటి మోరీ కోసం సర్కారు పైసా ఇవ్వదు. కర్మన్‌ఘాట్ దారిలో కొత్తగా వెలసిన మా కాలనీలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరు చెప్పారో మాత్రం ఎవరికీ తెలియదు. చైతన్యపురి వైపు ఒక కాలనీని అలాగే తిప్పి పంపారట. దాని పేరు అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పేవారు.

పోచంపల్లి నుంచి వచ్చిన దశరథకు ఆ పేరుతో పని లేదు. కాలనీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్నది అతని ఇల్లే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి నేసే మగ్గం అతనిది. నిరుటి వానకు గుంట నిండి, రంగులద్దిన పడుగంతా పాడయింది. ఇంకొక్కటి పాడైతే నూలు ఇవ్వనని షావుకారు తేల్చేశాడు. ఇంటి వెనక, ఒకప్పటి పొలాల కాలువ సగం పూడిపోయి, వచ్చిన నీటిలో సగాన్నే మోసేది.

"మోరీ సంగతి చూడ్డానికి ఇంజనీరుగారు వచ్చేలోపు ఆ కాలువను పూడ్చెయ్యాలండీ. కనబడిందంటే, మీకు ఉందిగా అంటారు," అన్నాడు కాలనీ సంఘం కార్యదర్శి జోగారావు.

"అలాంటి ఉత్తర్వు ఎవరైనా చూశారా?" అని అడిగాను.

"మాస్టారికి గాలిని కూడా పట్టి చూపించాలి!"

అందరూ నవ్వారు. దశరథ నవ్వలేదు.

"సార్, మీ ఇల్లు మిట్ట మీదున్నది. మీరు ఆగుతరు. వాన ఆగుతదా?"

కాలువలో తొలి తట్ట మట్టి దశరథే పోశాడు.

"ఉన్న గా జర తొవ్వ గూడ మూస్తివి. నీళ్లు యాడికి పోవాలె?" అంది అతని భార్య కొమురమ్మ.

"మోరీ ఒస్తదే. జర ఓర్సుకో."

ఇంజనీరు కన్నా వాన ముందొచ్చింది. వెనక గోడ కింది నుంచి నీళ్లు ఊరి, చూస్తుండగానే మగ్గం గుంట నిండింది. కొమురమ్మ బకెట్లతో తోడుతూనే ఉంది. దశరథ గడ్డపార పట్టుకుని వెనక్కి పరుగెత్తాడు. తాను పోసిన మట్టినే తవ్వసాగాడు. జోగారావు కూడా పంచె ఎగగట్టి దిగాడు. తవ్వినంతా బురదై మళ్లీ జారిపడింది. లోపల పడుగు మునిగిపోయింది.

నీళ్లు తగ్గాక ఇంజనీరు వచ్చాడు.

"పాత కాలువ ఎక్కడుంది?"

"మా దగ్గర కాలువ అన్నదే లేదండీ," అన్నాడు జోగారావు, ఇంకా ఆశ చావక.

"అయితే ఈ నిధి మీ కాలనీకి వర్తించదు."

"ఉండె సార్!" దశరథ అతని ముందు చేతులు జోడించాడు. "నేనే పూడ్చిన. ఇప్పుడే తవ్వి సూపిస్త. జర ఆగున్రి సార్."

ఇంజనీరు బురదతో పూడిపోయిన నేలను చూశాడు, అతని చేతులను చూశాడు. పారే కాలువ లేనిచోట ఉందని రాయలేనన్నాడు.

ఆ ఏడు మంజూరైన నిధి కొత్త మోరీలకు కాదు. ఉన్న పాత కాలువలను వెడల్పు చేసి, రాతికట్టు కట్టడానికి మాత్రమే.