తొమ్మిదో నంబరు స్టిక్కర్

పాన్‌గల్‌లో మహిళా సంఘం వాళ్లు మందు కొట్టే డ్రోను తెచ్చుకున్న ఏడాదే దేవమ్మ పుణె నుంచి తిరిగొచ్చింది. పన్నెండేళ్లు ఆలుమగలిద్దరూ అక్కడే ఉన్నారు. యేసయ్య సెంట్రింగ్ పని చేసేవాడు. దేవమ్మ మొదట ఇటుకలు మోసింది. నడుం పట్టేశాక ఒక పెద్ద గోదాములో చేరి, ఏడేళ్లపాటు బ్యాటరీలను అట్టపెట్టెల్లో సర్దుతూ, వాటిమీద స్టిక్కర్లు అతికించింది. పుణెలో ఏం చేసేదానివని ఎవరైనా అడిగితే ఆమె నోరు తెరిచేలోపే యేసయ్య "అట్టపెట్టెల పని" అనేసేవాడు. దేవమ్మ కూడా అవునన్నట్టు ఊరుకునేది.

ఇప్పుడామె సంఘం వాళ్ల యంత్రాల కేంద్రంలో పనిచేస్తోంది. పొద్దున్నే ఊడ్చి, అద్దెకు పోయొచ్చిన పంపులు కడిగి ఆరబెట్టడం ఆమె పని. డ్రోను జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు. అది పూజ సామ్రాజ్యం. పూజకు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో పదిహేను రోజులు శిక్షణ తీసుకుని, ఇక్కడినుంచి అయిజ దాకా ఎవరు పిలిచినా వెళ్లి పొలాలకు మందు కొట్టి వస్తుంది. ఆ పిల్లంటే దేవమ్మకు లోలోపల మురిపెం.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మందుల గది ఊడుద్దామని తలుపు తీసిన దేవమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. పైన రేకులు నిప్పుల్లా కాలుతున్నాయి. పురుగుమందు డబ్బాల పక్కన, ఖాళీ గోనెసంచుల మీద డ్రోను బ్యాటరీలు ఆరు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి చార్జింగులో ఉంది. గదిలో మనిషి లేడు. దేవమ్మ ముందు స్విచ్చి ఆపేసింది. తర్వాత వంగి ఒక్కొక్కటే చూసింది. చార్జింగులో ఉన్నదాని పొట్ట కాస్త ఉబ్బి ఉంది.

"పూజమ్మా, జర ఇట్ల రా బిడ్డా" అని కేకేసింది.

అన్నం తింటున్న పూజ చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఇది కిందపడ్డదా?"

పూజ ముఖం మారింది. "పోయిన వారం అయిజ కాడ బండి మీదికెల్లి జారింది దేవమ్మక్కా. పైన గీత గూడ పడలే. మంచిగనే ఉందనుకున్న. నీకెట్ల తెలిసింది?"

"పైన గీత పడకున్నా లోపల నలుగుతది. నాలుగు దినాలకు గిట్ల పొట్ట వస్తది. ఇగ దీనికి కరెంటు పెట్టొద్దు, నొక్కొద్దు, ఎండల పెట్టొద్దు."

అంటూనే బయటికి నడిచింది. గోడ కట్టడానికి పోసిన ఇసుకలో పైపైన ఎండిన ఇసుక తీసి ఇనుప తొట్టిలో సగం నింపింది. ఉబ్బిన బ్యాటరీని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి తెచ్చి తొట్టిలో పెట్టి, మీద మళ్లీ ఇసుక పోసింది. గడ్డివాముకు, గదులకు దూరంగా, ప్రహరీ మూల నీడలో, పూజ సాయం పట్టగా ఆ తొట్టి పెట్టింది.

సంఘం అధ్యక్షురాలు రేణుకమ్మ అప్పుడే వచ్చింది. ఆమె కన్ను ముందు తొట్టి మీదే పడింది.

"కొత్త తొట్టి గదనే దేవమ్మా! ఫోన్‌ల ఉండే బ్యాటరీ అసుంటిదే గదా ఇది? గింత పరేషాన్ ఎందుకు?"

"అసుంటిదే అక్కా. ఫోన్‌ది అంటుకుంటే జేబు కాలుతది. ఇది అంటుకుంటే పక్కన మందు డబ్బలున్నయి, సంచులున్నయి. నీళ్లు పోసినా బిరాన ఆరదు. మా గోదాముల ఒకటి అంటుకుంటే నేను కండ్లార చూసిన."

రేణుకమ్మ గది వైపు చూసింది. ఆ గది పక్కనే తన ఆఫీసు. కొంగు నడుముకు చెక్కుకుని, "అయితే మంచియి యాడ పెడదాం చెప్పు" అంది.

మోటారు కోసమని ఎప్పుడో కట్టిన చిన్న స్లాబు గది ఒకటి ఖాళీగా ఉంది. కిటికీ ఉంది, ఎండ తగలదు. సాయంత్రానికల్లా ముగ్గురూ కలిసి ఆ గది కడిగి, ఆరబెట్టి, బ్యాటరీలు అందులోకి చేర్చారు. ఒకదానికొకటి తగలకుండా ఎడం పెట్టారు. వైర్ల కొసలకు మూతలు తొడిగారు. యాసంగి పంటల పని అయిపోయింది, మళ్లీ వానలదాకా డ్రోను ఎగరదు. నిండా చార్జింగ్‌తో అన్ని నెలలు ఉంచకూడదని దేవమ్మ అంటే, "ట్రైనింగ్‌ల గిదే చెప్పిండ్రక్కా, సగం చేసి పెట్టమని. నేనే మర్చిపోయిన" అని పూజ నాలుక కరుచుకుంది.

ఆరింటిలో మరొకటి అసలు చార్జింగే ఎక్కడం లేదు. మర్నాడు పూజ డ్రోను కంపెనీకి ఫోన్ చేసింది. రెండూ మార్చి ఇస్తాం, వనపర్తిలో బస్సెక్కి హైదరాబాద్‌కు పట్టుకు రమ్మన్నారు. పూజ పాత చీర మడిచి అట్టపెట్టెలో వేస్తుంటే దేవమ్మ చూసింది.

"బస్సుల యాభై మంది ఉంటరు బిడ్డా. ఉబ్బింది బస్సెక్కొద్దు. ఏదీ, ఫోన్ ఇట్లియ్యి."

ఈసారి ఫోన్ ఎత్తిన మనిషికి తెలుగు రాదు. దేవమ్మ పుణె హిందీ అందుకుంది. పూజకు సగమే అర్థమైంది. అందరూ అలాగే తెస్తారు అని అతను అన్నట్టుంది. మీ పెట్టె, మీ బండి, మీ మనిషిని పంపించండి, ఉబ్బిన సరుకును మా గోదాములో లారీ కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు అని దేవమ్మ అంది. ఎక్కడ పనిచేశావని అతను అడిగినట్టుంది. దేవమ్మ గోదాము పేరు చెప్పింది. ఫోన్ పెట్టేసి, "గురువారం వస్తరంట" అంది.

గురువారం కంపెనీ బండి వచ్చింది. మధు అనే నాగర్‌కర్నూల్ అబ్బాయి దిగాడు. ఇసుకతొట్టి చూసి ఫోటో తీసుకున్నాడు. ఉబ్బినదాన్ని తను తెచ్చిన ఇనుప పెట్టెలోకి, నిప్పంటుకోని పొడి మధ్యకు మార్చాడు. రెండోదాని కొసలకు టేపు చుట్టి, సంచిలో పెట్టి, కొత్త అట్టపెట్టెలో కదలకుండా సర్ది, పైన ఎర్ర చారల అంచున్న స్టిక్కర్ అతికించబోయాడు.

"ఆగు నాయనా" అంది దేవమ్మ. "అది చిన్నయిటికి. ఫోన్లు, టార్చిలైట్లు అసుంటివాటికి. గింత పెద్దదానికి తొమ్మిదిది పెట్టాలె. మూల మీద నిలబెట్టినట్టుంటది చూడు, పైన నల్లచారలు, కింద తొమ్మిది."

మధు ఆమెను చూశాడు, స్టిక్కర్‌ను చూశాడు. బండి దగ్గరికి పోయి వెతికి, తొమ్మిదో నంబరుది తెచ్చాడు. అతికిస్తూ, "మీరు ఏం చదువుకున్నరు ఆంటీ?" అన్నాడు.

"నాకు ఇంగిలీషు రాదు నాయనా. బొమ్మలు గుర్తువడ్తా. తప్పుది అంటిస్తే మా సూపర్‌వైజరు మొత్తం పీకిచ్చి మళ్ల అంటిపిస్తుండె."

భార్యను తీసుకుపోదామని అప్పటికే వచ్చిన యేసయ్య గేటు దగ్గర సైకిలు పట్టుకుని ఇదంతా విన్నాడు. దారిలో సగం దూరం పోయాక, "గిన్ని సంగతులున్నయా ఆ పనిల? ఒక్కనాడు చెప్పకపోతివి" అన్నాడు. "నువ్వడిగితివా?" అని దేవమ్మ నవ్వింది. ఇంటికి వెళ్లేదాకా యేసయ్య ఒకటొకటి అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెబుతూనే ఉంది.

స్లాబు గది తాళం చెవి రేణుకమ్మ ఆమెకే ఇచ్చింది. ఆ మాట ఎట్లా పోయిందో గానీ, జూన్‌లో బిజినేపల్లి సంఘం నుంచి కబురొచ్చింది. వాళ్లకూ డ్రోను వచ్చిందట, దేవమ్మను పంపమన్నారు. దేవమ్మ ఉతికిన చీర కట్టుకుని, పూజతో కలిసి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. తొలకరి పడి చెలకలు తడిసి నల్లబడ్డాయి. పూజ దారిపొడుగునా తాను మందు కొట్టిన పొలాలు చూపిస్తూనే ఉంది.

బిజినేపల్లిలో పదిహేను మంది ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. అక్కడి లెక్కలు చూసే సుహాసిని బ్యాటరీల గది తాళం తీసి, "చెప్పండి మేడం" అంది. దేవమ్మ వెనక్కి తిరిగి పూజను చూసింది. పూజ ఆమెనే చూస్తోంది. దేవమ్మ సర్దుకుని లోపలికి తొంగి చూసింది. గోడ మీద చెయ్యి పెట్టింది. పడమటి గోడ, నిన్నటి ఎండ వేడి పొద్దుటిదాకా వదల్లేదు.

"ఇది కాదమ్మా. ఇంకో గది చూపియ్యిండ్రి" అంది.

ఆడవాళ్లు కొంగులు బిగించారు. రెండేసి చేతులతో ఒక్కో బ్యాటరీని ఎత్తి, వాకిలి దాటించి, ఉత్తరం వైపు గదిలోకి మోశారు. దేవమ్మ సాయం పట్టబోతే సుహాసిని వద్దని కుర్చీ వేసి, చేతికి చాయ్ ఇచ్చింది. దేవమ్మ కూర్చుని చాయ్ తాగుతూ, ఏది ఎక్కడ పెట్టాలో చెయ్యెత్తి చూపించింది.