ఓవెన్‌లో దూరిన అత్తగారు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది కోడలు. జుట్టు ముడేసుకుని, బన్నుల పిండి కలిపి, గుడ్డ కప్పి, అది పొంగేలోపు ఇల్లు ఊడ్చేస్తుంది. తర్వాత అత్తగారు లేస్తుంది. లేస్తూనే వంటింట్లోకొచ్చి, గుడ్డ ఎత్తి, పిండిని వేలితో ఒక్క పోటు పొడుస్తుంది.

"పొడవకండి అత్తయ్యా, దాని ఊపిరి పోతుంది" అంటుంది కోడలు రోజూ.

"నేను పొడిస్తేనే దానికి ఊపిరొచ్చేది" అంటుంది అత్తగారు రోజూ.

ఆఖర్న మామగారు లేచి, ఎవరూ అడక్కుండానే ఇద్దరిదీ తప్పేనని తీర్పు చెప్పి, పేపరు పట్టుకుని కూర్చుంటారు.

అత్తగారు అలిగితే చిన్నదైపోతుంది. మాటవరసకి కాదు, నిజంగానే. కాస్త అలిగితే స్టూలంత, బాగా అలిగితే గరిటంత, మరీ మనసు నొచ్చుకుంటే బొటనవేలంత. అలా అయిపోయి, ఉప్పు డబ్బా పక్కన గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఎవరైనా బతిమాలితే జానెడు జానెడు చొప్పున పెరిగి మళ్ళీ మామూలు మనిషవుతుంది. పెళ్ళయిన కొత్తలో మామగారు చూసుకోక ఆవిడ మీద గిన్నె బోర్లించేశారట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏ గిన్నె బోర్లించాలన్నా ముందు "ఉన్నావా?" అని అడుగుతారు. అంతకుమించి ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషికి గురక ఉండదూ, ఇదీ అంతే.

ఇప్పుడు చిక్కల్లా ఓవెన్‌తో వచ్చింది. లోపలి ఫ్యాను ఆగిపోయింది. వేడంతా వెనకే కూర్చుంటోంది. బన్నులు వెనకవైపు బొగ్గు, ముందువైపు ముద్ద. సాయంత్రం టీకొట్టు యజమాని రుచి చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే రోజూ సరుకు తీసుకుంటానన్నాడు. ఉద్యోగం మానేసి మరీ ఓవెన్ ముందు నిలబడ్డ కోడలికి మిగిలిన ఆశ అదొక్కటే.

పొద్దున వచ్చిన మెకానిక్ ఓవెన్‌లోకి టార్చి వేసి, తల విదిలించాడు. "ఫ్యాను నట్టు వదులైందమ్మా. రెక్కలు ముందుకి జరిగి ఈ చిల్లుల మూతకి తగులుతున్నాయి. మూత తీద్దామంటే స్క్రూల తలలు అరిగిపోయాయి. వెనకనుంచి లాగుదామంటే చుట్టూ టైల్స్ అతికించేశారు. మూత కోసెయ్యాలి, కొత్తది తెప్పించాలి. రెండు వారాలు."

"ఇంకో దారి లేదా?"

"చిల్లుల్లోంచి లోపలికి చెయ్యి దూరితే నిమిషం పని. ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. కానీ అంత చిన్న చెయ్యి ఎవరికుంటుంది?" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరు కలిసి మూడో మనిషిని చూశారు.

"నన్నేం చూస్తారు?" అంది అత్తగారు. "అలగమంటే అలుగుతానా? కారణం ఉండొద్దూ?"

"కారణాలకేం కరువు?" మామగారు హుషారుగా పేపరు మడిచారు. "నువ్వు పెట్టే టీ కుడితిలా ఉంటుంది."

"అందుకేగా పూటకి రెండు కప్పులు తాగుతారు."

"మీరు పాట అందుకుంటే పక్కింటి కుక్క ఏడుస్తుంది అత్తయ్యా."

"పాపం, దానికి తెలిసినంత సంగీతం మీకెవరికీ తెలీదు."

ఎన్ని అన్నా లాభం లేకపోయింది. తిట్టేకొద్దీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగింది కూడా. వెంట్రుకవాసి తగ్గలేదు.

మధ్యాహ్నం దాటింది. కోడలు గోడకి చేరగిలబడి కూర్చుంది.

"పోనీలెండి. టీకొట్టాయనకి రావద్దని ఫోన్ చేస్తాను. సోమవారం నుంచి పాత ఆఫీసులో చేరతానని నిన్ననే వాళ్ళకి చెప్పేశాను ఎలాగూ."

అత్తగారి నవ్వు ఆగిపోయింది. "మావాడికి తెలుసా?"

"ఊరినుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పానండీ."

"ఈయనకి?"

మామగారు సీలింగు పరీక్షించడం మొదలుపెట్టారు.

"అయితే నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట."

ఆ వాక్యం తలుపంత ఎత్తులో మొదలై, 'అన్నమాట' దగ్గరికొచ్చేసరికి నేలమీద వినిపించింది. బొటనవేలంత అత్తగారు గచ్చుమీద నిలబడి ఉంది, మొహం తిప్పుకుని.

"అత్తయ్యా, అది కాదు..."

"నోర్ముయ్! బతిమాలావంటే పెరిగిపోతాను. ముందు నన్ను లోపల పెట్టు. నీ సంగతి బయటికొచ్చాక చూస్తాను."

మామగారు కరెంటు మెయిన్ ఆపేసి, దాని పక్కనే కాపలా నిలబడ్డారు. కోడలు ఆవిణ్ణి అరచేతిలో ఎక్కించుకుని ఓవెన్‌లో దించి, టార్చి పట్టుకుంది. అత్తగారు మూత చిల్లులోంచి అటు దూరింది.

"ఛీ ఛీ, ఏం జిడ్డే ఇది! నట్టు దొరికింది. తిప్పుతున్నా. ఇదేమిటి, ఇంకా వదులవుతోంది?"

"ఎడమకి అత్తయ్యా, ఎడమకి! ఇది ఎడ్డెమంటే తెడ్డెమనే రకం."

"ఇంట్లో అలాంటిది ఇంకోటుంది" అన్నారు మామగారు బయటినుంచి.

"వినిపిస్తోంది!" అంటుండగానే ఆవిడ కాలు జారింది. "అమ్మో!"

"బంగారం! దెబ్బ తగిలిందా?" ఆయన నోటివెంట వచ్చేసింది. ఏళ్ళ తరబడి బతిమాలిన నోరు మరి.

మూత కిర్రుమంది. "కొంప ముంచారు! పెరుగుతున్నాను! తల తగులుతోంది!"

కోడలు ఓవెన్‌లోకి తల దూర్చింది. తిట్టి లాభం లేదని పొద్దుటే తేలిపోయింది. ఆవిడకి గుచ్చుకునేవి నిజాలే.

"అత్తయ్యా! మీ పింగాణీ జాడీ పగలగొట్టింది పిల్లి కాదు, నేను!"

"ఏమే!" గొంతు సన్నబడింది. "నోరులేని దానికి రెండ్రోజులు పాలు పొయ్యలేదే నేను!"

కిర్రు ఆగింది. మామగారికి ఉత్సాహం వచ్చేసింది. "నువ్వల్లిన స్వెట్టరు బస్సులో పోలేదోయ్. గుచ్చుకుంటోందని నేనే ఎవరికో ఇచ్చేశా!"

 లోపల్నుంచి దోమ గొంతంత గొంతు: "ఇంక చాలు! ఇంకొక్క నిజం చెప్పారంటే నట్టు నాకందదు!"

ఎలాగో అందుకుంది. నట్టుని రెండు చేతులా కావిలించుకుని మూలుగుతూ బిగించింది. రెక్కని కాలితో ఒక్క తోపు తోసింది. "తిరుగుతోందే! గిర్రున తిరుగుతోంది!"

మెచ్చుకోలు గొంతు దాకా వస్తే, దానికీ పెరిగిపోతుందేమోనని కోడలు పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఆవిడ చిల్లులోంచి బయటపడి, మసిబొగ్గులా అరచేతిలో కూర్చున్నాకే ఊపిరి వదిలింది.

మామగారు బతిమాలడానికి ముందుకొచ్చారు.

"మీరాగండి. స్వెట్టరు పంచాయితీ తర్వాత" అని అత్తగారు కోడలివైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

కోడలు తల దించుకుంది. "మిగతావాళ్ళయితే పోనీలే అంటారు అత్తయ్యా. మీరు మాత్రం రోజూ లేవగానే పిండి పొంగిందో లేదో చూస్తారు. ఓడిపోయానని మీకు చెప్పడానికి నోరు రాలేదు."

 అరచేతిలో అత్తగారి బరువు పెరిగింది. గుప్పెడు, జానెడు, మూరెడు. మొయ్యలేక కోడలు ఆవిణ్ణి కిందికి దించింది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే చేతులు కడుక్కుని ట్రేలు సర్దారు. మామగారు మెయిన్ వేశారు. లోపల ఫ్యాను హుమ్మని అందుకుంది.

టీకొట్టు యజమాని వచ్చేసరికి బన్నులు అన్నివైపులా ఒకే రంగులో కాలి ఉన్నాయి. ఒకటి తీసి ముందూ వెనకా తిప్పి చూశాడు. తిన్నాడు. అడక్కుండా ఇంకోటి తీశాడు.

"సోమవారం నుంచి రోజూ నాలుగు ట్రేలు. ఇవ్వగలరా?"

కోడలు ఆయన్ని వదిలేసి అత్తగారివైపు చూసింది.

"నన్నెందుకే చూస్తావు? అడిగింది నిన్ను."

"ముందు మీకే చెబుతున్నానండీ. ఆఫీసులో చేరను. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

అప్పటికి అత్తగారు తన మామూలు ఎత్తుకి వచ్చేసి ఉంది. అక్కడితో ఆగాలి, రివాజు ప్రకారం. ఆగలేదు. భుజాలు లేచాయి, చీర అంచు చీలమండల పైకి జరిగింది. చోటు చాలదని టీకొట్టాయన బన్ను నములుతూనే కాస్త పక్కకి జరిగాడు. మామగారు ఏదో అనబోయి, భార్య మొహం కోసం ఎప్పుడూ చూసేచోట చూస్తే భుజం కనిపించింది. ఆయన తలెత్తాల్సి వచ్చింది. ఆ తలెత్తడం ఆయనకి ఆ రోజుతో అయిపోలేదు.

"నాలుగేం సరిపోతాయండీ?" అంది అత్తగారు, పైనుంచి. "ఆరు రాసుకోండి."