పాత ఫోనుకు కొత్త నెంబరు

పప్పు పొంగుతోందని స్టవ్ తగ్గిస్తుంటే మా ఆయన మధ్వేశ్ వంటింటి గడప దగ్గర నిలబడి, "నా పాత ఫోన్ నువ్వు వాడుకో గిరిజా. నీకేం, మాట్లాడుకోడానికే గదా" అన్నాడు. ఆయన కొత్తది కొనుక్కున్న రోజు అది. మా ఇంట్లో ఫోన్లూ భోజనాల పద్ధతిలోనే వస్తాయి, అందరిదీ అయ్యాక నాకు. వెనక అద్దం పగిలింది, మధ్యాహ్నానికల్లా చార్జింగ్ అయిపోతుంది. లాక్ నెంబరు మామగారు పుట్టిన సంవత్సరం. మా ఇంట్లో సూట్‌కేసుకూ అదే, టీవీకీ అదే, అందరి ఫోన్లకూ అదే. "అందరికీ గుర్తుండాల గదా" అనేవారు మామగారు. అందరికీ గుర్తుండే తాళం తాళమెట్లా అవుతుందని అడగాలని నాకప్పుడు తోచలేదు.

ఎమ్మిగనూరులో మా చెల్లెలు వైదేహి ఉంది. ఒకరోజు దానికి, "పొద్దున ఉప్మా వద్దన్నారు, మళ్ళీ దోసెలు పోసినా. నిలబడి నిలబడి కాళ్ళు పీకుతాండాయి. ఒక్కరన్నా తిన్నావా అని అడగలేదు" అని మెసేజ్ పెట్టాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన నా ఫోన్ తీసి దాన్ని పైకి చదివాడు, నా గొంతు అనుకరిస్తూ. అందరూ నవ్వారు. అత్తగారు, "అంత కష్టపెడతాండామా తల్లీ నిన్ను" అన్నారు. నేను చారు వడ్డిస్తున్నాను. చుక్క ఒలకకుండా వరస చివరిదాకా వడ్డించాను. ఆ రోజు నుంచి వైదేహికి "బాగుండాం, మీరు?" తప్ప ఇంకేమీ రాయలేదు. కొన్నాళ్ళకు అది, "అక్కా, ఇది నువ్వే రాస్తాండావా?" అని అడిగింది. దానికీ జవాబివ్వలేదు. నోరు కుట్టేసుకోవడం అలవాటైతే వేళ్ళు కూడా ఆగిపోతాయి.

ఈ ఏడు నేపాల్లో ముక్తినాథ్ యాత్ర అనుకున్నారు. అనుకున్నది వాళ్ళు, చేసింది నేను. "నువ్వు టీచరువు గదా, నీకు తెలుస్తాది" అని టికెట్లు, హోటళ్ళు, జీపులు, ఇన్సూరెన్సు, మామగారి మాత్రలు ఏ పూట ఏవి అన్నది, అన్నీ నా చేతిలో పెట్టారు. అన్నీ ఆ పగిలిన ఫోన్లోకే చేరాయి. పైగా బయట తిండి తినరు కాబట్టి దారిలో మడి వంట కూడా నాదే.

స్కూల్లో కంప్యూటర్ టీచర్ లావణ్య నా ఫోన్ తిప్పి చూసి నిట్టూర్చింది. "మేడం, ఇది ముసల్దైపోయింది. కంపెనీవాళ్ళు అప్‌డేట్లు పంపేది ఎప్పుడో మానుకున్నారు. దీన్ని పట్టుకోని దేశం దాటి పోతాండారా?" అంది. కొత్తది కొనే మాట మా ఇంట్లో రాదని దానికి తెలుసు. అందుకే ఉన్నదాన్నే సర్దింది. బ్యాంకు యాప్ తీసేయించింది. వాడని యాప్‌లన్నీ తీసేసి, మిగిలినవాటిని కొత్తవి చేసింది. హోటల్ వైఫైలో పాస్‌వర్డులు కొట్టొద్దంది, కనిపించిన వైరుకల్లా గుచ్చకుండా మన చార్జరే వాడాలంది. తర్వాత లాక్ దగ్గరికొచ్చింది.

"ఈ నెంబరు ఎవరెవరికి తెలుసు?"

"ఇంట్లో అందరికీ."

"పాలాయనకు కూడా తెలుసేమో" అని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది, "దీంట్లో ఇంకెవరిదో వేలిముద్ర ఉండాది మేడం, తీసేద్దామా?" అంది. మా ఆయనది. స్టాఫ్‌రూంలో ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. "తీసెయ్" అన్నాను. కొత్త నెంబరు కొట్టేటప్పుడు లావణ్య పక్కకు తిరిగి కూర్చుంది. నా కోసం ఒకరు అట్లా పక్కకు తిరగడం నాకు అదే మొదటిసారి.

పోఖరాలో అందరూ భోంచేసి పడుకున్నప్పుడు గిన్నెలు కడిగి, వైదేహికి రాశాను. కొండలు బాగున్నాయని మొదలుపెట్టి, ఎక్కడికెక్కడికో పోయింది రాత. అందరికీ యాత్ర, నాకు మాత్రం వంటిల్లు మారిందంతే అని రాశాను. మా ఆయన మీద కోపం రాశాను. ఆ రోజు నా మెసేజ్ విని నవ్విన ప్రతి ముఖం మీదా కోపం రాశాను. రాసి పంపాక ఏడుపొచ్చింది, హాయిగా కూడా ఉంది. "ఇప్పుడు నువ్వేక్కా" అని వైదేహి జవాబిచ్చింది.

ముక్తినాథ్‌లో గుడి వెనకున్న నూట ఎనిమిది ధారల కింద స్నానానికి పోతూ ఫోనున్న సంచీ మా ఆయన చేతికిచ్చాను. ఆ నీళ్ళు కత్తుల్లా ఉన్నాయి. బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఆయన ముఖం ఎర్రగా ఉంది. కిందికి తీసుకుపోయే జీపు డ్రైవరు బుకింగ్ మెసేజ్ చూపించమంటున్నాడు. ఫోనేమో తెరుచుకోవడం లేదు. మా ఆయన పాత నెంబరే కొట్టీ కొట్టీ లాక్ చేసేశాడు, కాసేపు ఆగమంటోంది.

"నెంబరు ఎప్పుడు మార్చినావు?" అన్నాడు.

"బయల్దేరే ముందు. పరాయి దేశం, పాత ఫోను, మార్చమన్నారు. జీపాయన అడిగినంక కొట్టినారా?"

"కాదు. నువ్వట్ల పోతూనే చూసినా."

"ఎందుకు?"

"ఊరికే."

ఒళ్ళు మండింది. పవిత్ర స్నానం చేసి వచ్చిన ఒళ్ళు. ఇంత దూరం వచ్చి, దేవుడి ముందు నిలబడి కూడా ఈయనకు నా ఫోన్లో ఊరికే చూడాలనిపించింది.

మామగారు శాలువా బిగించుకుంటూ, "మొగునికి తెలీని నెంబరు ఏందమ్మా? ఏం దాచినావు దాంట్లో?" అన్నారు. చలికి ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి. అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు. దాచిందేముంది, ఒక చెల్లెలు, నాలుగు మాటలు. చెప్పేస్తే ఈ క్షణం గొడవ తీరుతుంది. తీరి, రేపటి నుంచి మళ్ళీ "బాగుండాం, మీరు?" దగ్గరికి పోతాను. ఇంకోసారి అక్కడికి పోతే తిరిగిరాలేనని నాకు స్పష్టంగా తెలిసింది.

ఫోన్ మళ్ళీ నెంబరు అడిగింది. పక్కకు తిరిగి కొట్టాను. డ్రైవరుకు బుకింగ్ చూపించాను. అతను తలూపి సామాన్లు ఎక్కించుకున్నాడు. అందరూ ఎక్కుతుండగా నేను కిందనే నిలబడి తిరుగు టికెట్లు, హోటళ్ళ రసీదులు, ఇన్సూరెన్సు కాగితాలు, మామగారి మాత్రల వివరాలు, ఒక్కొక్కటే మా ఆయన కొత్త ఫోనుకు పంపించాను. ఆయన జేబులో అది మోగుతూనే ఉంది.

తీసి చూసుకుని, "ఇవన్నీ నాకెందుకు?" అన్నాడు.

"ఇంక మీకు నా ఫోన్తో పనుండదు."

"సరే లే. నెంబరు చెప్పు."

"చెప్పనండీ" అన్నాను.

ఆయన ఏదో అనబోయాడు. జీపులోంచి మామగారు, "గిరిజా, ఇప్పుడు నేనేసుకోవాల్సిన మాత్ర ఏదమ్మా?" అని కేకేశారు.

"మీ కొడుకును అడగండి మామయ్యా" అని జీపెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.